బేబీ ఆఫ్ ఎస్తేరురాణి

నీలోఫర్‌లో పసిపిల్లలకి పేర్లుండవు.
కాలి మడమకి చుట్టిన ప్లాస్టర్ ముక్క మీద
నీలం పెన్నుతో నా పేరే రాశారు,
ముందు బేబీ ఆఫ్ అని చేర్చి.
రెండు కిలోలకి నూరు గ్రాములు తక్కువ.
గాజు పెట్టెలో వాడు, మెట్ల మీద నేను,
కింద సైకిల్ స్టాండ్ దగ్గర
పాత పేపరు పరుచుకుని కృపానందం.

ఆరు రోజులు మెతుకు ముట్టలేదాయన.
సంఘపెద్దలు మెట్టుగూడ నుంచి టిఫిన్ డబ్బా తెచ్చారు.
లాలాగూడ వర్క్‌షాప్‌లో తోటి కాంట్రాక్టు పనివాళ్లు
రెక్క పట్టి లేపబోయారు.
లేవలేదు. గడ్డం మాసింది.
చొక్కా మీద గ్రీజు మరక అట్లాగే ఉంది.

నన్ను మాత్రం తిను తిను అన్నారు, పాలు పడాలని.
తిన్నాను.
మూడు గంటలకోసారి స్టీలు గిన్నెలో పిండి లోపలికి పంపాను.
ఎంత తాగాడో ఎవరూ చెప్పలేదు.

ఏడో పొద్దున నర్సులు గుసగుసలాడుకున్నారు,
ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని.
ఆయనే తలెత్తి "పోయిండా?" అన్నాడు.
"పోయిండు."
నల్లా దగ్గరికి నడిచి మొహం కడుక్కున్నాడు.
సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కున్నాడు.
రోడ్డు దాటి, హోటల్లో కూర్చుని,
అన్నం తిన్నాడు.
మెట్ల కిటికీలోంచి చూశాను.
అప్పుడే పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసింది.
పప్పు రెండోసారి వేయించుకున్నాడని,
ఉల్లిగడ్డ అడిగాడని
మా తమ్ముడు తర్వాత చెప్పాడు.

ఆ ఉల్లిగడ్డని పదకొండేళ్లు
అరగక మోశాను.

మొన్న ఆదివారం పాస్టరు గారు ఆ రాజు కథ చదివారు.
బిడ్డ జబ్బున పడితే ఏడు రోజులు నేలమీద పడి ఉన్నవాడు,
పోయాడని తెలియగానే లేచి, స్నానం చేసి, నూనె రాసుకుని
వడ్డించమన్నవాడు.
నౌకర్లు తెల్లబోయారు.
రాజు చెప్పిన జవాబుకి
మగవాళ్ల వరసలో తలలు ఊగాయి.
కృపానందం తల ఊగలేదు.
ఆయన మెడ వెనక వెంట్రుకలు ఎప్పుడు నెరిశాయో.

నేను ఆమె కోసం వెతికాను,
కళ్లజోడు సర్దుకుని, పేజీ కింది నుంచి పైకి.
బిడ్డ మంచం పట్టినచోట ఆమె పేరైనా లేదు,
చచ్చిపోయిన మొదటి మొగుడి భార్య అని ఉంది.
ఆ ఏడు రోజులూ ఆమె ఏం తిన్నదో లేదు.
పాలు ఎవరు పిండి పారబోశారో,
రొమ్ములకి గట్టిగా గుడ్డ ఎవరు చుట్టారో,
పాపం ఎవరిదని ఇరుగుపొరుగు చూపులతో అడిగితే
ఏ గోడవైపు తిరిగి పడుకుందో, లేదు.
తర్వాత రాజు ఓదార్చాడని ఒక్క ముక్క.
ఎట్లా ఓదార్చాడో.
బిడ్డకీ పేరు లేదు.
ఎనిమిదో రోజు పెట్టేవాళ్లట అక్కడ.

ఇంటికొచ్చి అన్నం పెట్టాను. పప్పు.
అంచుకి కోసిన ఉల్లిగడ్డ.
"ఆ రోజు ఆకలెట్లయింది నీకు?"
కుక్కర్ ఆవిరిలాగా
నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

ఆయన వేళ్లు కంచంలో ఆగాయి.
"ఆకలి కాలే.
ఆరు దినాలు తినకపోతిని, చేతులు వణుకుతుండె.
నారాయణగూడ దాక ఆటోల ఒళ్లో పెట్టుకోవాలె.
యాడ పడేస్తనో అని భయమైంది.
అంత చిన్నగుండె పెట్టె."
"మరి ఉల్లిగడ్డ?"
"ఉల్లిగడ్డనా?" అని నా మొహం చూశాడు.
నిజంగానే గుర్తులేదు.

చాలాసేపటికి, చెయ్యి ఎండిపోయాక,
తనే అన్నాడు:
"రిజిస్టర్ల పేరడిగిండ్రు. ఏం చెప్పాలె?
కాలి మీది చీటీ చూపిచ్చిన.
అదే రాసుకున్నరు."

పెళ్లయిన కాణ్ణించి ఏడు అద్దె ఇళ్లు మారాం.
ఈ షహర్లో గజం జాగా లేదని
మా అమ్మ పోయేదాకా దెప్పింది.
ఉందట.
నారాయణగూడలో, ప్రహరీ వారన,
నా పేరు మీద, జానెడు.